సాయిల్ గ్యాస్ సగటు హద్దులోపే ఉంటే ఆ స్థలంలో ఇళ్లు కట్టొచ్చా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను, చదివేవాళ్లకు తెలియాలి కదా. నెల్లూరు శివారులో మూతబడ్డ రంగులు, థిన్నర్ల యూనిట్ స్థలం, సుమారు 5 ఎకరాలు. ఇళ్ల లేఅవుట్ వేసేముందు మే నెలలో 24 చోట్ల మీటరున్నర లోతు నుంచి మట్టిలోని గాలి (సాయిల్ గ్యాస్) తీసి ల్యాబ్‌కు పంపారు. క్యాన్సర్ తెచ్చే బెంజీన్ 9 చోట్ల డిటెక్షన్ లిమిట్ (ల్యాబ్ కనిపెట్టగల కనిష్ఠం) అయిన 10 కంటే తక్కువ. ఆ తొమ్మిదింటికీ అందులో సగం, అంటే 5 వేసి లెక్కిస్తే 24 పాయింట్ల సగటు 96 వచ్చింది. మధ్యగతం 16. పాత డ్రమ్ముల షెడ్డు పక్కన ఒక పాయింట్‌లో 1450, దానికి కొంత దూరంలో ఇంకో చోట 310. మీరు పెట్టుకున్న హద్దు 167. సగటు హద్దు దాటలేదు కాబట్టి స్థలం నివాసానికి అనుకూలమని రాయొచ్చా, 1450ని అవుట్‌లయర్ (మిగతావాటికి దూరంగా పడిన అంకె) కింద తీసేయొచ్చా, క్లయింట్ అడుగుతున్న రంగుల కాంటూర్ మ్యాపు (పాయింట్ల మధ్య అంకెలను అంచనా కట్టి రంగులు నింపేది) పెట్టాలా అని అడిగారు. (గాలిలో బెంజీన్ అంకెలన్నీ, పైవీ కిందివీ, ఘనపు మీటరు గాలికి మైక్రోగ్రాముల్లోనే.)

రాయకూడదు. తీసేయకూడదు. మ్యాపు ఇప్పుడే పెట్టకూడదు. 1450 వచ్చిన పాయింటే మీ సర్వేలో అన్నిటికన్నా విలువైన సమాచారం. మీరు చేసిన లెక్కలో తప్పు లేదు. లెక్కకు ఎక్కించిన ప్రశ్నే సరైనది కాదు. ఐదెకరాల సగటు గాలిని పీల్చే మనిషి ఎవరూ ఉండరు. అక్కడ కట్టే ప్రతి కుటుంబం తన ఇంటి గచ్చు కింద ఉన్న గాలితోనే బతుకుతుంది.

హద్దు సంగతితో మొదలుపెడతాను. మీ 167 ఎలా వచ్చిందో ఊహించగలను. మన దేశంలో బయటి గాలిలో బెంజీన్‌కు 2009 నుంచి ఉన్న ఏడాది సగటు ప్రమాణం 5. గచ్చు కింది గాలిలో 3 శాతం ఇంట్లోకి చేరుతుందనేది అమెరికా పర్యావరణ సంస్థ 2015 మార్గదర్శకంలో ముందుజాగ్రత్తగా పెట్టుకున్న అంచనా, అంటే 0.03. ఐదుని 0.03తో భాగిస్తే 167. ఇదే లెక్కను మీ పాయింట్లకు వేసి చూడండి. సగటు 96ని 0.03తో గుణిస్తే 2.9, ప్రమాణం లోపలే. 1450ని గుణిస్తే 43.5, ప్రమాణానికి దాదాపు తొమ్మిది రెట్లు. ఆ రెండో అంకె ఒక ప్లాటు మీద పడుతుంది, ఆ ప్లాటులో ఒక ఇల్లు లేస్తుంది. మిగతా 23 చోట్ల గాలి బాగుండటం వల్ల ఆ ఇంట్లోవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

పైగా 5 అనేది దేశమంతటి వాహనాలు, పరిశ్రమల వాస్తవాన్ని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించిన ప్రమాణం. ఆరోగ్య ముప్పు ఒక్కటే చూసి పెట్టే స్క్రీనింగ్ స్థాయిలు (దాటితే ఇంకా పరిశీలించాలనే అంకెలు) ఇంకా కిందుంటాయి. అమెరికా వాళ్ల లెక్కలో జీవితకాలంలో పదిలక్షల మందిలో ఒకరికి అదనపు క్యాన్సర్ ముప్పుకు ఇంటి గాలిలో బెంజీన్ 0.36. దాన్ని 0.03తో భాగిస్తే మట్టిలోని గాలికి 12 వస్తుంది. లక్షకు ఒకరు అనుకుంటే 120. అంటే మీరు పెట్టుకున్న 167 కాస్త ఉదారమైన హద్దే. 12ని హద్దుగా తీసుకుంటే మీ ల్యాబ్ డిటెక్షన్ లిమిట్ 10 దానికి ఆనుకునే ఉంది, సరిపోతుంది. కొన్ని ల్యాబులు 100, 200 లిమిట్‌తో రిపోర్టు ఇస్తాయి. అలాంటప్పుడు "కనబడలేదు" అన్న మాటకు అర్థమే ఉండదు. నమూనా పంపేముందే ల్యాబ్‌ను అడగాల్సిన మొదటి సంగతి ఇది.

ఇక సగటు దగ్గరికి వద్దాం. మీ 96ని నమ్మగలమా అన్నదే అసలు చూడాల్సింది. మీరిచ్చిన పట్టికతో నేనూ లెక్క వేశాను. ప్రామాణిక విచలనం సుమారు 295, సగటుకు మూడు రెట్లు. ఇలాంటి డేటాలో సగటుకు అటూఇటూ ఎంత ఊగిసలాట ఉందో చెప్పకుండా సగటు ఒక్కటే చెప్పడం చదివేవాళ్లను తప్పుదారి పట్టించడమే. మామూలు టీ పద్ధతిలో 95 శాతం పై హద్దు, అంటే అసలు సగటు ఇంతకు మించదని 95 శాతం నమ్మకంతో చెప్పగల అంకె, సుమారు 200. డేటా ఇంత వంకరగా ఉన్నప్పుడు ఆ పద్ధతి తక్కువ చేసి చూపిస్తుంది. డేటా ఆకారం ఎలా ఉన్నా పనికొచ్చే చెబిషెవ్ పద్ధతిలో వేస్తే సుమారు 360. రెండూ 167ని దాటాయి. కాబట్టి సగటు మీద ఆధారపడదామన్నా, కాగితం మీద కూడా మీ స్థలం గట్టెక్కలేదు. ఈ ఒక్క పేరా రిపోర్టులో చేరినా క్లయింట్‌తో మీ చర్చ వేరేగా ఉంటుంది.

మరోవైపు 1450 పాయింట్‌ను పక్కనపెడితే మిగతా 23 సగటు 37కి పడిపోతుంది. ఒక్క నమూనా సగటును 37 నుంచి 96కు ఎత్తిందంటే, ఈ సగటు స్థలం గురించి చెప్పడంలేదు, ఆ ఒక్క చోటు గురించే చెప్తోంది. మరి తొమ్మిది డిటెక్షన్ లిమిట్ పాయింట్లకు సున్నా వేస్తే 94, సగం వేస్తే 96, పూర్తి 10 వేస్తే 98. మీరు ఎక్కువగా మథనపడింది వీటి గురించే, సగటు మీద వీటి ప్రభావం దాదాపు శూన్యం. చాలామంది ఇక్కడే సమయమంతా ఖర్చుపెట్టి పెద్ద అంకెను ఒక్క క్లిక్‌తో కొట్టేస్తారు. చూడాల్సిన వరస దానికి పూర్తిగా ఎదురు.

అయినా సగం వేసే అలవాటు మానుకోండి. సగటును కదిలించకపోయినా విచలనాన్ని, గుణమధ్యమాన్ని (జియోమెట్రిక్ మీన్), పంపిణీ ఆకారాన్ని అది చెడగొడుతుంది. తొమ్మిది పాయింట్లకూ ఒకే అంకె పెడితే అక్కడ లేని ఒక గుంపును మనమే తయారుచేసినట్టు. డిటెక్షన్ లిమిట్ కింద ఉన్నవి సగానికి మించకపోతే అంకె కల్పించకుండా లెక్కించే కప్లాన్-మేయర్ పద్ధతి గానీ, క్రమాల మీద రిగ్రెషన్ వేసే ఆర్‌ఓఎస్ పద్ధతి గానీ వాడండి. అమెరికా పర్యావరణ సంస్థ ఉచితంగా ఇచ్చే ప్రోయూసీఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ ఉన్నాయి. ఆర్ అనే గణాంక భాష వాడేవాళ్లకు నాడా అనే ప్యాకేజీ ఉంది. నాలుగింట మూడొంతులు లిమిట్ కిందే ఉంటే సగటు చెప్పే ప్రయత్నమే వద్దు, ఎన్నిచోట్ల కనబడింది, గరిష్ఠం ఎంత అని చెప్పి ఊరుకోవాలి.

సాయిల్ గ్యాస్ డేటా లాగ్ నార్మల్ (లాగరిథమ్ తీస్తే గంట ఆకారంలో కుదిరేది) అని ఎక్కడో చదివి, గుణమధ్యమాన్ని సగటుగా రాసేవాళ్లనూ చూశాను. ఇది ప్రమాదకరం. గుణ ప్రామాణిక విచలనం (జియోమెట్రిక్ స్టాండర్డ్ డీవియేషన్) 5 ఉన్న లాగ్ నార్మల్ డేటాలో అసలు సగటు గుణమధ్యమానికి 3.65 రెట్లు ఉంటుంది. ఏళ్ల తరబడి పీల్చే మోతాదును నిర్ణయించేది అసలు సగటే. రిపోర్టులో అంకెను తక్కువ చూపించడానికి ఇంతకంటే సులువైన దారి లేదు, అందుకే గుణమధ్యమం కనబడగానే నేను ముడి పట్టిక అడుగుతాను.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. లెక్కకు ముందు నేలను విడదీయాలి. మీ 24 అంకెలను లాగ్ స్కేల్ మీద క్యూ-క్యూ ప్లాట్ (అంకెలన్నీ ఒకే గుంపువైతే ఒకే గీతగా కనబడే చిత్రం) గీసి చూడండి. మీరిచ్చిన అంకెలకైతే గీత ఒక చోట విరిగి, పైకి లేచి, వేరే గీతలా పోతుంది. అది ఒక జనాభా (ఒకే మూలానికి చెందిన అంకెల గుంపు) కాదు, రెండు. ఒకటి స్థలమంతా పరుచుకున్న చిన్న అంకెలు, రెండోది డ్రమ్ముల షెడ్డు చుట్టూ ఉన్న కారిన థిన్నర్. ఈ రెండింటినీ కలిపి తీసిన సగటు ఏ ఒక్కదానికీ చెందదు. అవుట్‌లయర్ పరీక్షలు, అంటే డిక్సన్, గ్రబ్స్ లాంటివి, డేటా అంతా ఒకే జనాభా అనుకుని పనిచేస్తాయి. మీ స్థలంలో ఆ పునాదే లేదు. అందుకే ఆ పరీక్ష "తీసెయ్" అని చెప్పినా దానికి విలువ లేదు. ల్యాబ్ తప్పు, ప్రోబ్ (నేలలోకి దించి గాలి తీసే గొట్టం) లీకు, సంచి కలుషితం కావడం అని చూపించగలిగితేనే ఒక పాయింట్‌ను తీసేయాలి, అదీ పట్టికలో ఉంచి, కారణం రాసి.

విడదీయడం అంటే మీ చోట ఏం చేయాలి? కనీసం మూడు రకాలుగా చూడండి. డ్రమ్ముల షెడ్డు, దాని నుంచి పోయే కాలువ, వ్యర్థజలాల తొట్టి ఒకటి. మిక్సింగ్ షెడ్డు కాంక్రీటు గచ్చు కింద రెండోది. ఖాళీగా పడున్న నేల మూడోది. స్థలం పడమరవైపు నల్లరేగడి, తూర్పువైపు ఇసుక కలిసిన ఎర్రనేల అని కూడా రాశారు, ఆ గీత కూడా కలుపుకోవాలి. గాలి ఈ రెండు నేలల్లో నడిచే తీరే వేరు.

నల్లరేగడి గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అమెరికా మార్గదర్శకాలు చదివి వచ్చిన కుర్రవాళ్లు మన దగ్గర దెబ్బతినేది ఇక్కడే. ఒంగోలు చుట్టుపక్కల, కావలి వైపు, మే నెలలో ఆ నేల నెర్రెలు విచ్చుతుంది. చెయ్యి దూరేంత నెర్రె, కొన్నిచోట్ల మీటరు లోతు. ప్రోబ్ దిగిన చోటు నెర్రె పక్కన పడితే పైగాలి సూటిగా లోపలికొస్తుంది, నమూనా పలచబడి అంకె చిన్నదవుతుంది. నెర్రెకు రెండడుగుల అవతల అదే లోతులో ముద్దగా ఉన్న మట్టిలో అంకె పదిరెట్లు ఉండొచ్చు. నాలుగు వానలు పడగానే ఆ మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుపోతాయి, పైన మూత పెట్టినట్టే. నీటిలో వాయువుల వ్యాపనం గాలిలోకంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది. అప్పుడు కింద ఆవిరి పోగవుతుంది, లేదా పక్కకు, ఎక్కడ పొడిగా ఉంటే అక్కడికి నడుస్తుంది. వానాకాలంలో చుట్టూ తడిసి గచ్చు కింద మాత్రం పొడిగా ఉండే చోటు ఏది? ఇల్లు.

అందుకే మే నెల ఒక్క రౌండ్‌తో నెల్లూరు జిల్లా స్థలానికి తీర్పు చెప్పకూడదు. మనకు అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు భూగర్భజలం పైకి లేస్తుంది, కలుషిత జలం గచ్చుకు దగ్గరవుతుంది, మధ్యలో ఉన్న పొడిమట్టి పొర సన్నబడుతుంది. తీరానికి దగ్గరగా ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు పోతే ఆ పొర కొన్నిచోట్ల మీటరే మిగులుతుంది, మీటరున్నర ప్రోబ్‌లోకి నీళ్లే వస్తాయి. అలాంటిచోట గచ్చు కింద నుంచే గాలి తీయాలి. వాన పడిన వెంటనే మాత్రం తీయకండి, పై తడి దిగేదాకా ఐదారు రోజులు ఆగండి.

ఇంకోటి చాలామంది రాసుకోరు, నమూనా తీసిన గంట. మన అక్షాంశాల్లో గాలి పీడనం రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఉదయం పదింటి ప్రాంతంలో ఎక్కువ, మధ్యాహ్నం నాలుగింటికి తక్కువ. తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్సే అయినా నేల ఊపిరి పీల్చి వదిలినట్టుగా గాలి కదలడానికి చాలు. సగం పాయింట్లు పొద్దున, సగం సాయంత్రం తీసి రెండింటినీ పోలిస్తే మీరు కొలిచింది నేలను కాదు, గడియారాన్ని. వాయుగుండం తీరం దాటే రోజుల్లో పీడనం ఇంకా ఎక్కువ పడిపోయి కింది ఆవిరి పైకి లాగబడుతుంది. ఆ రోజుల్లో ఎవరూ ప్రోబ్ దించరు, నిజానికి గచ్చు కింద ఒక నమూనా తీయగలిగితే అదే చెడ్డ రోజు ఎలా ఉంటుందో చూపిస్తుంది.

మీ పట్టికలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కాలమ్‌లు ఖాళీగా ఉన్నాయి. అవి పెద్ద లోటు. పెట్రోలియం జాతి పదార్థాలను మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ ఉంటే తినేస్తాయి. మూలం ఉన్నచోట ఆక్సిజన్ పడిపోయి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. జాతీయ రహదారి మీద, ఒంగోలుకీ నెల్లూరుకీ మధ్య, ఒక పాత పెట్రోలు బంకులో మేం చూసింది ఇదే. మీటరు లోతులో బెంజీన్ దాదాపు లేదు, ఆక్సిజన్ పదహారు శాతం. మూడు మీటర్ల లోతులో ఆక్సిజన్ రెండు శాతం కంటే తక్కువ, బెంజీన్ వేలల్లో. పై లోతు ఒక్కటే తీసి ఉంటే శుభ్రమని రాసేవాళ్లం. అక్కడ నిజానికి శుభ్రంగా ఉంచుతున్నది పైనున్న తెరచిన మట్టి. దానిమీద పెద్ద కాంక్రీటు గచ్చు వేస్తే ఆక్సిజన్ రాక ఆగిపోయి కథ మారుతుంది. అంటే మీ ఖాళీనేల అంకెలు ఇల్లు కట్టిన తర్వాతి అంకెలు కావు. ఏ గణాంక పద్ధతీ ఈ తేడాను డేటాలోంచి పుట్టించలేదు, నేల సంగతి తెలిసినవాళ్లే చెప్పాలి.

ట్రైక్లోరోఇథిలీన్ ఫలితాలు మీ దగ్గరున్నాయో లేదో రాయలేదు. రంగుల యూనిట్‌లో పాత్రలు, భాగాలు కడగడానికి అది వాడి ఉంటే తప్పక చూడండి, దాంతోపాటు వినైల్ క్లోరైడ్ కూడా. బెంజీన్‌లా ఇది ఆక్సిజన్ తగలగానే పోదు. ఆక్సిజన్ లేని చోట మెల్లగా వినైల్ క్లోరైడ్‌గా మారుతుంది. బెంజీన్‌తో కలిపి ఈ మూడూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో, పెట్టినవే. ట్రైక్లోరోఇథిలీన్ విషయంలో గర్భంలోని శిశువు గుండె మీద ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకుని స్థాయిలు పెట్టారు, అది గర్భం తొలివారాల సంగతి. కాబట్టి దానికి ఏడాది సగటు, స్థలం సగటు అనే మాటలు అస్సలు నప్పవు. ఆ కొద్ది వారాల్లో ఆ ఇంట్లో ఎంత ఉందన్నదే చూడాలి.

పాయింట్ల సంఖ్య గురించి. ఐదెకరాలు అంటే 20,234 చదరపు మీటర్లు, 24 పాయింట్లకు ఒక్కోటి 843 చదరపు మీటర్లకు ప్రతినిధి. గ్రిడ్ దూరం సుమారు 29 మీటర్లు. డ్రమ్ములు కారిన చోటు పది మీటర్ల వ్యాసం ఉందనుకోండి, మీ గ్రిడ్‌కు అది తగిలే అవకాశం 9 శాతమే. పదిహేను మీటర్లున్నా 21 శాతం. మీకు 1450 తగిలిందంటే, ఒకటి అదృష్టం, లేదా మచ్చ మీరనుకున్నదానికన్నా పెద్దది. రెండోదే అయ్యుండటానికి అవకాశం ఎక్కువ, 310 కూడా దగ్గర్లోనే ఉంది కదా. తగలని మచ్చలు ఇంకా ఉన్నాయేమో అన్నది కూడా ఇదే లెక్క చెప్తుంది. అలాగే పది నమూనాలు యాదృచ్ఛికంగా తీస్తే స్థలంలో అత్యధికమైన 5 శాతం భాగం ఒక్కసారైనా తగిలే అవకాశం 40 శాతం. అది 95 శాతం కావాలంటే 59 నమూనాలు కావాలి. అంత ఖర్చు ఎవరూ పెట్టరు. అందుకే పాత ఉద్యోగులను, చుట్టుపక్కల వాళ్లను అడిగి డ్రమ్ములు ఎక్కడ దొర్లించేవాళ్లు, కడిగిన నీళ్లు ఎటు పోయేవి అని తెలుసుకుని అక్కడ గుచ్చడం, ఖాళీనేలలో పలచగా గుచ్చడం మంచిది. అలా తీసినప్పుడు మాత్రం రెండింటినీ ఒకే సగటులో కలపకూడదు. ఎంచుకుని తీసినవి స్థలమంతటికీ ప్రతినిధులు కావు.

ఒక షెడ్డు కేసు చెప్తాను. ప్రకాశం జిల్లాలో లోహపు భాగాలు కడిగే యూనిట్. అందరం కడిగే తొట్టి దగ్గరే ఎక్కువుంటుందని అక్కడ ఎక్కువ ప్రోబులు వేశాం. తీరా గరిష్ఠం వచ్చింది షెడ్డుకు అవతలి మూల, కరెంటు కేబుల్ గుంత మీద. గుంతను ఇసుకతో పూడ్చారు, చుట్టూ బంకమట్టి. ఆవిరికి ఆ ఇసుక గుంత రహదారి అయింది. కొన్ని మీటర్ల దూరంలో ఉన్న రెండు గచ్చు నమూనాల మధ్య వందరెట్ల తేడా. ఆ గుంత పోయి ఆఫీసు గది కిందకి చేరింది. మ్యాపులో ఇలాంటి దారులు, అంటే కేబుల్, నీటిపైపు, డ్రైనేజీ, గీసుకోకుండా దూరం ఒక్కటే చూసి కొలవని చోట్ల అంకెలను అంచనా కట్టే క్రిగింగ్ పద్ధతి వేస్తే ఆ రహదారిని చెరిపేసి గుండ్రటి మచ్చలు గీస్తుంది.

కాంటూర్ మ్యాపు సంగతి అంతే. వేరియోగ్రామ్ (దూరంతో అంకెల తేడా ఎలా మారుతుందో చూపే గీత, క్రిగింగ్‌కు ఆధారం) నిలబడాలంటే ఒక్కో దూరపు తరగతిలో కనీసం 30 జతలన్నా ఉండాలనేది వాడుకలో ఉన్న నియమం. మీ గ్రిడ్‌లో 29 మీటర్ల కంటే తక్కువ దూరంలో ఉన్న జతలు లేనేలేవు, కాబట్టి ఆ లోపల ఏం జరుగుతోందో మ్యాపు కల్పిస్తుందే తప్ప చెప్పదు. పచ్చరంగు పడిన ప్లాట్లను క్లయింట్ ధైర్యంగా అమ్ముతాడు. దాని బదులు పాయింట్లను వలయాలుగా, అంకెతో సహా, పునాది ప్లాను మీద పెట్టండి. కొలవని చోటు కొలవనట్టే కనబడాలి.

మీథేన్ గురించి ఒక మాట, ఎవరైనా తప్పకుండా అడుగుతారు. రొయ్యల గుంటలు పూడ్చిన చోట, వరిమళ్లు ఉన్న చోట అడుగునున్న నల్లటి బురద నుంచి మీథేన్ దానంతటదే పుడుతుంది. మీథేన్ ఉంది కాబట్టి ఫ్యాక్టరీదే అనలేం. బెంజీన్, టోలీన్, జైలీన్ తోడుగా లేకపోతే బురదనే మొదట అనుమానించండి. మీథేన్ ఎక్కడిదైనా 5 శాతానికి చేరితే మాత్రం మండే స్థాయి, కారణం తర్వాత, ముందు భద్రత.

మీరిప్పుడు చేయాల్సింది ఇదీ. 1450 పాయింట్ చుట్టూ నాలుగు దిక్కులా ఐదేసి మీటర్లకు మెట్లు మెట్లుగా బయటకు పోతూ, అంకె పడిపోయేదాకా ప్రోబులు వేయండి. మూడు పాయింట్లలో రెండు లోతులు తీయండి. షెడ్డు గచ్చు కింద కనీసం మూడు రంధ్రాలు, ఒకటి పైపు గానీ కేబుల్ గానీ పోయే దారి మీద. ప్రతి ప్రోబ్‌కూ బెంటోనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి) సీలు, హీలియం లీకు పరీక్ష. ప్రోబ్ మీద కప్పిన గుడారంలో ఉంచిన హీలియంలో 5 శాతానికి మించి నమూనాలోకి వస్తే మేం ఆ నమూనాను లెక్కలోకి తీసుకోం. పది నమూనాలకు ఒక జంట నమూనా, రోజుకొక బయటిగాలి నమూనా. రహదారి పక్క స్థలమైతే బయటిగాలిలోనే బెంజీన్ ఉంటుంది, అది తెలియాలి. మచ్చ కింద బోరు నీరు పరీక్షించండి. 25 డిగ్రీల దగ్గర నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాముల బెంజీన్ ఉంటే, దానితో సమతుల్యంలో ఉన్న గాలిలో ఘనపు మీటరుకు సుమారు 2300 ఉంటుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ ఆ పదే. అంటే తాగడానికి సరిపోయిన నీరు కూడా గాలి వైపు నుంచి సమస్య కావచ్చు. ఇదే కసరత్తు నవంబరు, డిసెంబరుల్లో మళ్లీ.

ఆ తర్వాత లెక్క ప్రతి భాగానికీ విడిగా. ఒక భాగంలో పదిలోపు నమూనాలే ఉంటే సగటు, యూసీఎల్ (సగటుకు వేసే పై హద్దు) అన్నీ వదిలేసి గరిష్ఠాన్నే ఆ భాగం విలువగా తీసుకోండి. రెండు రౌండ్లలో ఏది ఎక్కువైతే అది. ఖాళీనేలలో నమూనాలు చాలినన్ని ఉంటే బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసి లెక్కించే పద్ధతి) పై హద్దు వేయొచ్చు, పక్కపక్కన ఉన్న రెండు ప్రోబులను రెండు స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కించకుండా. ఇరవై రసాయనాలకు విడివిడిగా 5 శాతం దగ్గర పరీక్షలు చేస్తే ఏమీ లేకపోయినా ఒక్కటన్నా తేడా చూపించే అవకాశం 64 శాతం ఉంటుంది, అందుకే ఏ రసాయనాల మీద తీర్పు చెప్తారో ముందే రాసుకోండి.

0.03 గురించి అమెరికా ఇళ్లు వేరు, మన ఇళ్లు వేరు అని క్లయింట్ అంటాడు. నిజమే, మన దగ్గర కిటికీలు తెరిచి ఉంటాయి, నేలమాళిగలుండవు. కానీ ఏసీ పెట్టి తలుపులు మూసే పడకగదులు పెరిగాయి, బాత్రూం ట్రాపులు ఎండిపోతాయి, గచ్చుకు పగుళ్లుంటాయి. 0.03 తక్కువ చేయాలంటే మన ఇళ్లలో కొలిచిన ఆధారం చూపించమనండి. అప్పటిదాకా అదే వాడండి.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు విడిగా నియమాలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాలను గుర్తించడం, ఆపై రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాథమిక, సమగ్ర పరిశీలనలు చేయించడం అందులోని వరస. మీ రిపోర్టు రేపు అక్కడి బల్ల మీద పడొచ్చు. ముడి పట్టిక, ప్రోబ్ లోతు, గంట, చివరి వాన తేదీ, లీకు పరీక్ష ఫలితం లేని రిపోర్టును ఎవరూ తిరిగి లెక్కించలేరు.

ఇప్పటికి మీరు నిజాయితీగా రాయగలిగిన వాక్యాలు ఇవి, కావాలంటే ఇలాగే వాడుకోండి: "మే నెలలో ఒకసారి తీసిన 24 నమూనాల్లో 15 చోట్ల బెంజీన్ కనబడింది. డ్రమ్ముల షెడ్డు వద్ద గరిష్ఠం 1450, ఇది స్క్రీనింగ్ హద్దుకు 8 రెట్లకు పైన. స్థలం మొత్తానికి తీసిన సగటు ఈ నేలకు ప్రాతినిధ్యం వహించదు కనుక దాని ఆధారంగా నిర్ణయం ప్రతిపాదించడం లేదు. షెడ్డు చుట్టూ కాలుష్య విస్తృతి తేలేవరకు, వానాకాలపు రెండో విడత నమూనాలు వచ్చేవరకు ఆ భాగంలోని ప్లాట్లలో నిర్మాణం చేపట్టరాదు."

ఏ ప్లాటు నంబర్లు షెడ్డు మీద పడతాయో, అక్కడ కాలువ ఎటు పోయిందో లేఅవుట్ స్కెచ్ పెట్టండి. రెండో విడతకు ప్రోబులు ఎక్కడ గుచ్చాలో దాని మీదే గుర్తులు పెట్టి పంపుతాను.